ఒక్క పన్ను తేడా

బండి ఇంజన్‌కు బోరింగ్ (అరిగిన సిలిండర్‌ను లోపల సాపు చేయడం) చేయించి నెల కాలేదు. కొత్త పిస్టన్, కొత్త రింగులు. అయినా నా పాత స్ప్లెండర్‌ను కిక్ కొడితే కాలికి ఏమీ తగలట్లేదు, గాలిని తొక్కినట్టుంది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర సందులో ఒక షెడ్డుకు నెట్టుకుంటూ తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు ఇంజన్ ఎడమ పక్కన వాల్వ్‌లుండే హెడ్ మీదున్న గుండ్రటి మూత విప్పి, మ్యాగ్నెట్ చక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు. "టైమింగ్ చైన్ చక్రం మీద ఒక పన్ను దాటింది సార్, గంతే" అన్నాడు.

ఒక్క పన్నుకే ఇంత గొడవా అనిపించింది. లెక్క వేస్తే అర్థమైంది. గాలి పీల్చడం, నొక్కడం, మండటం, పొగ వదలడం: ఈ నాలుగు పనులూ అయ్యేసరికి పిస్టన్ తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, రెండు చుట్లు తిరుగుతుంది. ఆ రెండు చుట్లలో గాలికీ పొగకూ తలుపుల్లాంటి వాల్వ్‌లు ఒక్కోటి ఒక్కసారే తెరుచుకోవాలి. అందుకే ఆ వాల్వ్‌లను తెరిచే ఇరుసు, క్యామ్, టైమింగ్ చైన్‌తో క్రాంకుకు కలిసి సగం వేగంతో తిరుగుతుంది. ఈ 97.2 సీసీ ఇంజన్‌లో క్రాంకు మీది చిన్న చక్రానికి 14 పళ్లు, క్యామ్ చక్రానికి 28. క్యామ్ ఒక పన్ను జరిగితే 360ని 28తో భాగించినంత, అంటే దాదాపు 13 డిగ్రీలు జరిగినట్టు. క్రాంకు వైపు నుంచి చూస్తే అది రెట్టింపు, ఇంచుమించు 26 డిగ్రీలు.

నా బండిలో క్యామ్ వెనకబడింది. మహబూబ్‌నగర్ బస్టాండ్‌లో బస్సు ఎక్కే జనాన్ని చూస్తే దానివల్ల ఏమవుతుందో తెలుస్తుంది. బస్సు నిండినా వెనకున్నవాళ్ల తోపుడుకు ఇంకో నలుగురు లోపలికి వస్తారు. గాలి కూడా అంతే. పిస్టన్ కిందికి దిగి మళ్లీ పైకి మళ్లినా, వేగంగా వస్తున్న గాలి కాసేపు లోపలికి తోసుకొస్తూనే ఉంటుంది. అందుకే లోపలికి తీసుకునే వాల్వ్‌ను కావాలనే కొంచెం ఆలస్యంగా మూసేలా క్యామ్‌ను చెక్కుతారు. ఆ ఆలస్యానికి ఇంకో 26 డిగ్రీలు కలిస్తే మాత్రం ఎక్కినవాళ్లు తిరిగి దిగిపోతారు. కిక్ కొట్టేంత నిదానంలో గాలికి తోపుడే ఉండదు కాబట్టి పిస్టన్ దాన్ని కార్బురేటర్‌లోకి వెనక్కి నెట్టేస్తుంది. నా కాలికి తగలనిది ఆ గాలే.

బిగించేటప్పుడు షెడ్డులో ఎవరిని అడిగినా ఒకటే మాట: "పిస్టన్‌ను కంప్రెషన్ల వెట్టుకోవాలె." నాకు ఇక్కడే అనుమానం. చైన్ తీసేశాక పిస్టన్ పైకి వచ్చిందంటే అది గాలి నొక్కడానికా, పొగ వదలడానికా? పిస్టన్ పైకొచ్చిందని చెప్పే మ్యాగ్నెట్ మీది టి గుర్తు రెండుసార్లూ ఒకేలా కనిపిస్తుంది. ప్లగ్గు సంగతీ అంతే, ఈ ఇంజన్‌లో ప్రతి చుట్టుకూ మెరుస్తుంది, ఒక మెరుపు వృథా. ఏ చుట్టు ఏదో తేల్చేది క్యామ్ ఒక్కటే. టి గుర్తును దాని ఎదుటి గాటుకు కలిపి, క్యామ్ చక్రం మీది సున్నా గుర్తును హెడ్ మీది గాటుకు ఎదురుగా పెట్టి చైన్ తొడిగితే, ఆ క్షణం నుంచి అది కంప్రెషన్ అవుతుంది.

సున్నా గుర్తు అక్కడే పెట్టడానికి కారణముంది. ఆ చోట రెండు వాల్వ్‌లూ మూసే ఉంటాయి, వాల్వ్‌లను నొక్కే రాకర్లు వదులుగా ఆడతాయి, క్యామ్ పెట్టినచోట కుదురుగా ఉంటుంది. వేరేచోట పెట్టబోతే వాల్వ్ స్ప్రింగు క్యామ్ బొడిపెను నెట్టేస్తుంది, చక్రం టక్కున జారుతుంది. నా బండికి మొదటి షెడ్డులో జరిగింది ఇదే కావచ్చు. పాత ఇనుప ఇంజన్ బుల్లెట్‌కు ఈ చైన్ బాధ లేదు, గేర్ల మీది గుర్తులు ఒకదానికొకటి కలిపితే చాలు.

కుర్రాడు చైన్ లాగే వైపు బిగువుగా పెట్టి, వదులంతా చైన్‌ను నొక్కిపట్టే టెన్షనర్ వైపుకు పంపాడు. బోల్టులు బిగించి, కిక్ జోలికి పోకుండా మ్యాగ్నెట్‌ను చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పాడు. మధ్యలో గట్టిగా తగిలితే బలవంతపెట్టొద్దట, వాల్వ్ వెళ్లి పిస్టన్‌కు తగులుతున్నట్టే. రెండు గుర్తులూ మళ్లీ దాదాపు ఎదురెదురుగా వచ్చాయి.

"చైన్ కూడా సాగింది సార్, మార్చుకోర్రి" అన్నాడు. చైన్ సాగితే లాగే వైపు పొడుగై, పళ్లు సరిగ్గానే ఉన్నా క్యామ్ రవ్వంత వెనకబడుతుంది. ఆరోజు నా దగ్గర డబ్బులు తక్కువున్నాయి, మార్చలేదు. సున్నా గుర్తు ఇప్పటికీ గాటుకు ఒక వెంట్రుకంత ఇవతలే ఆగుతుంది.