చాప పరిచే చోటు ఏఐకి తెలియదు: ఆసుపత్రి నిర్మాణంపై అపోహలు - వాస్తవాలు

ఆసుపత్రుల ప్లాన్లు గీయడం నా వృత్తి. కొత్త ఆసుపత్రి కట్టించాలని వచ్చే డాక్టర్లు ఈమధ్య కుర్చీలో కూర్చోకముందే ఏఐ మాట ఎత్తుతున్నారు. వాళ్ల నోట నేను తరచూ వినే మాటలివి.

అపోహ: ప్లాను ఏఐ గీసేస్తుంది, ఇక ఆర్కిటెక్టుతో పనేముంది?

వాస్తవం: గీస్తుంది. నేనూ గీయిస్తున్నాను. స్థలం కొలతలు, పడకల సంఖ్య ఇస్తే టీ చల్లారేలోపు పదిహేను ప్లాన్లు ముందు పెడుతుంది. మొన్న ఒక వార్డుకు అది ఇచ్చిన ప్లానులో నర్సు నడవాల్సిన దూరం నా ప్లానులోకంటే తక్కువగా ఉంది. కాస్త ఉక్రోషం కూడా వచ్చింది. అయితే ఆ వార్డు బయట ఒక్క బెంచీకీ చోటు లేదు. దాని లెక్కలో రోగి ఒంటరిగా వస్తాడు. మన దగ్గర అలా ఎవరు వస్తారు? ఆపరేషన్ అంటే ఊరి నుంచి ముగ్గురైనా దిగుతారు: ఒకరు మందుల షాపుకు, ఒకరు రక్తం కోసం, ఒకరు మంచం పక్కన. రాత్రయితే చాప పరిచేది కారిడార్‌లోనే. 2.4 మీటర్ల కారిడార్‌లో చాప మీటరు తినేశాక రెండు స్ట్రెచర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్లాల్సిందే. సహాయకుల సంగతి చేర్చి మళ్లీ అడిగితే విమానాశ్రయంలోలా కుర్చీల వరస పెట్టింది. వాటి మీద పడుకోవడం ఎలాగో కూడా అదే చెప్పాలి. చివరికి వార్డు పక్కన పడుకోవడానికి గది, స్నానాలగది, క్యారియర్ కడుక్కునే కుళాయి నేనే గీశాను.

అపోహ: టెలిమెడిసిన్ పెరిగితే పడకలు అక్కర్లేదు.

వాస్తవం: చిత్తూరు జిల్లా అరగొండలో టెలిమెడిసిన్ 2000లోనే మొదలైంది. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం చెస్టర్‌ఫీల్డ్‌లో మెర్సీ సంస్థ 2015లో ఒక్క పడకా లేని వర్చువల్ కేంద్రం తెరిచింది. అక్కడివాళ్లు తెరల ముందు కూర్చుని చూసుకునే ఐసీయూ రోగులు వేరే ఆసుపత్రుల్లో ఉంటారు. డాక్టరు కూర్చునే చోటు మారింది, పడక ఎక్కడిదక్కడే ఉంది.

అపోహ: అంతా డిజిటల్ అయితే గదులు తగ్గుతాయి.

వాస్తవం: ఎక్స్‌రే ఫిల్ములు కడిగే చీకటి గది పోయింది, ఫిల్ములు దాచే గదీ పోయింది. వాటి బదులు సర్వర్ గది వచ్చింది. దానికి రాత్రింబవళ్లు ఏసీ కావాలి, యూపీఎస్ బ్యాటరీలకు మరో చోటు కావాలి. ఓపీ వరుస సంగతీ అంతే. ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) ఉన్నవాళ్లు ఆసుపత్రిలోని క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి టోకెన్ తీసుకునే పద్ధతి 2022లో వచ్చింది. దాంతో కౌంటరు దగ్గర రద్దీ తగ్గినా, ఆ జనమంతా డాక్టరు గది ముందు చేరతారు. అందుకే నేను హాలు చిన్నది చేయను, లోపలికి జరుపుతాను.

అపోహ: కిటికీ బదులు పెద్ద తెర పెడితే సరిపోతుంది.

వాస్తవం: పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ 1984లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం చూడండి. పిత్తాశయం ఆపరేషన్ తర్వాత కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్లకంటే త్వరగా ఇంటికి వెళ్లారు. తెర పెట్టుకోండి, కిటికీ మాత్రం ఉండాలి.

అపోహ: మందులు మోసే రోబో కొంటే చాలు, కట్టడంతో సంబంధం లేదు.

వాస్తవం: ఒక ఆసుపత్రిలో పాత, కొత్త బ్లాకులు కలిసేచోట నేల మీద అల్యూమినియం పట్టీ ఉంది. నేలకంటే వేలి మందం కూడా ఎత్తు ఉండదు. రోబో అక్కడిదాకా వచ్చి ఆగిపోయి, దారి ఇవ్వమని మర్యాదగా అడుగుతూ నిలబడింది. ఎదురుగా ఎవరూ లేరు. కాసేపటికి వార్డు బాయ్ వచ్చి, మందుల ట్రే తీసుకుని నడిచి వెళ్లిపోయాడు.