"డబ్బులు పైనుంచి రాలేదు" అంటే వెనక్కి వచ్చేయకండి: ఉపాధి కూలి, పింఛన్ల మీద అపోహలు – వాస్తవాలు

"అక్కా, ఆరు వారాలైంది, డబ్బులు పడలేదు."

నాకొచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి. నేను కూలి ఇంట్లో పుట్టినదాన్నే. ఇంటర్ అయ్యాక గ్రామ సామాజిక తనిఖీకి శిక్షణ తీసుకున్నాను, అప్పట్నుంచి ఇదే పని. మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, చదవడం, జాబ్ కార్డులు సరిచూడడం, అర్జీలు రాసిపెట్టడం, కూలీలతో కలిసి ఆఫీసుల మెట్లెక్కడం. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏంటంటే, కూలి డబ్బు ఊరికే మాయమవదు, ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆ చోటు ఏదో మనం చెప్పగలిగితే అవతలి మనిషి మన మాట వినే తీరే మారిపోతుంది. ఆ చోటు కనుక్కోనివ్వకుండా మనకి అడ్డుపడే నమ్మకాలు కొన్ని ఉన్నాయి, వాటి గురించే ఈ పోస్టు.

అపోహ: ప్రభుత్వం ఇస్తే తీసుకోవాలి, ఇవ్వకపోతే అడగడానికి మనమెవరం?

ఉపాధి హామీ ఎవరో దయతలచి పెట్టిన పథకం కాదు, 2005లో పార్లమెంటు చేసిన చట్టం. (దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది, ఆ సంగతి చివర్లో చెప్తాను.) పని మొదలైంది కూడా 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. కూలి వారం వారం ఇవ్వాలి, ఎంత ఆలస్యమైనా పదిహేను రోజులు దాటకూడదు అని చట్టంలోనే రాసుంది. రైతు పొలంలో కలుపు తీసి సాయంత్రం కూలి గట్టిగా అడిగే మనిషి, మండలాఫీసు గడప దగ్గరికి వచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడుతుంది. అది చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. అక్కడా ఇక్కడా చెమట ఒకటేగా.

అపోహ: పని కావాలని నోటితో చెప్పాం, ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌కి తెలుసు, మళ్లీ కాగితమెందుకు?

పని అడిగితే తేదీ వేసిన రసీదు ఇవ్వాలి. ఆ తేదీ నుంచి పదిహేను రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి రావాలి, మొదటి 30 రోజులకి కూలిలో నాలుగో వంతు, ఆ తర్వాత సగం. రసీదు లేదంటే మీరు అడిగినట్టే లేదు, భృతి ఊసే ఉండదు. రసీదు ఇవ్వడానికి ఎందుకు వెనకాడతారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఇవ్వకపోతే గొడవ పడకండి. పదిమంది కలిసి ఒకే కాగితం మీద పేర్లు, జాబ్ కార్డు నంబర్లు రాసి, సంతకాలో వేలిముద్రలో పెట్టి స్పీడ్ పోస్టులో పంపించండి. ఏ తేదీన అడిగారో పోస్టాఫీసు రసీదే సాక్ష్యం చెప్తుంది.

అపోహ: "డబ్బులు పైనుంచి రాలేదు, మా చేతుల్లో ఏం లేదు."

కొన్నిసార్లు ఇది నిజం. చాలాసార్లు కాదు. ఏది ఎప్పుడో తెలియాలంటే డబ్బు నడిచే దారి తెలియాలి.

వారం పని అయిపోగానే మస్టర్ మూస్తారు. టెక్నికల్ అసిస్టెంట్ కొలతలు తీసి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, రాస్తాడు, అవి కంప్యూటర్లోకి ఎక్కుతాయి, ఎవరికెంత రావాలో జాబితా తయారవుతుంది, దానిమీద ఇద్దరు అధికారుల డిజిటల్ సంతకాలు పడితే ఎఫ్‌టీఓ, అంటే డబ్బు పంపమనే ఆర్డరు, పుడుతుంది. ఇంతవరకు జరిగేదంతా ఇక్కడి చేతుల్లోనే. ఆ తర్వాత ఆర్డరు ఢిల్లీకి వెళ్తుంది, అక్కడ ఆమోదం అయ్యాక ఆధార్‌ని బట్టి ఖాతాలో పడుతుంది. కాబట్టి ఆఫీసుకి వెళ్లినప్పుడు "డబ్బులెప్పుడొస్తాయి సార్" అని అడగొద్దు. మస్టర్ నంబరెంత, ఏ తేదీన మూశారు, కొలతలు ఏ తేదీన ఎక్కించారు, ఎఫ్‌టీఓ నంబరెంత, రెండో సంతకం ఎప్పుడు పడింది, ఇవి అడగండి. ఎఫ్‌టీఓ ఇంకా పుట్టలేదంటే ఆలస్యం ఇక్కడిదే. పుట్టి సంతకాలయ్యీ డబ్బు పడలేదంటే అప్పుడు ఢిల్లీ వైపు చూడాలి. "రిజెక్టెడ్" అని ఉంటే గొడవ ఖాతాలోనో ఆధార్‌లోనో ఉంది.

ఒక పెద్దమ్మ సంగతి చెప్తాను. భర్త లేడు, చదువు రాదు, పదకొండు వారాల కూలి అందలేదు. మండలాఫీసులో "మేం పంపేశాం" అన్నారు, బ్యాంకులో "మాకు రాలేదు" అన్నారు, ఈ రెండు మాటల మధ్య ఆమె ఆటోకి డబ్బులు పెట్టుకుని తిరుగుతూనే ఉంది. నేను వాళ్లింటికెళ్లి కూర్చుంటే బియ్యం డబ్బా వెనకనుంచి పాత చీర ముక్కలో కట్టిన మూట తీసింది. జాబ్ కార్డు, ఆధార్ జిరాక్సు, ఒక పాస్‌బుక్కు, దాని కింద ఇంకో పాస్‌బుక్కు. ఆ రెండోది తెరిస్తే కొత్తదానిలాగే ఉంది, ఒక్క ఎంట్రీ లేదు. ఇదెక్కడిది పెద్దమ్మా అంటే, ఎప్పుడో లోను ఇప్పిస్తామని వచ్చినవాళ్లు వేలిముద్ర వేయించుకుని ఇచ్చిపోయారంది.

విషయం అక్కడుంది. ఒక మనిషికి ఎన్ని ఖాతాలున్నా, ఆఖరుగా ఆధార్ ఏ ఖాతాకి కట్టారో డబ్బు దానికే పోతుంది. రెండో బ్యాంకుకెళ్లి పాస్‌బుక్కు ప్రింటు వేయిస్తే వరసగా పదకొండు గీతలు పడ్డాయి. ఆమె ఒక్కో గీతని వేలితో తాకుతూ "ఇది చెరువు పనిదా? మరి ఇది బాట పనిదా?" అని అడిగింది. మండలాఫీసు అబద్ధం చెప్పలేదు, బ్యాంకూ చెప్పలేదు. కానీ ఇన్ని నెలల్లో ఎవరైనా ఒక్కరు కంప్యూటర్లో చూసి, డబ్బు ఏ బ్యాంకుకి పోయిందో ఆమెకి చెప్పుంటే ఇంత తిప్పలు ఉండేవి కావు. 2024 జనవరి 1 నుంచి ఆధార్ చెల్లింపు అందరికీ తప్పనిసరి చేశారు, అది చేసినవాళ్ల మీద ఈ సంగతి విడమర్చి చెప్పే బాధ్యత కూడా ఉంది. మీ ఆధార్ ఏ బ్యాంకుకి కట్టి ఉందో ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ దగ్గర చూసుకోవచ్చు, ఫోన్ నంబరు లింకై ఉండాలి.

అపోహ: ఆలస్యంగానైనా వచ్చాయిగా, ఇంకేం అడుగుతాం?

పరిహారం అడగాలి. మస్టర్ మూసిన పదహారో రోజునుంచి, రావాల్సిన కూలి మీద రోజుకి 0.05 శాతం. 2025–26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కూలి రేటు 307 రూపాయలు, ఆరు రోజులకి 1,842. దానిమీద రోజుకి 92 పైసలు, నెలకి 28 రూపాయలు దాటదు. ఇంతకోసం ఎందుకు అంటారు, నాకూ మొదట్లో అలాగే అనిపించేది. కానీ ఆ 28 రూపాయలు ఇవ్వాలంటే ఆలస్యం ఎవరివల్ల జరిగిందో కాగితం మీద పేరు రాయాలి, వాళ్ల దగ్గర వసూలు చేయాలి. అసలు భయం ఆ పేరు రాయడం గురించే. ఢిల్లీలో జరిగే ఆలస్యాన్ని ఏళ్లపాటు లెక్కలోకే తీసుకోలేదు. అది కూడా కూలీకి జరిగిన ఆలస్యమే, పరిహారం ఇవ్వాల్సిందే అని 2018 మేలో స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెప్పినంత మాత్రాన అమలు కాలేదు, కానీ అర్జీలో ఆ తీర్పు పేరు రాయండి.

అపోహ: 307 కంటే తక్కువ పడితే మేట్, అంటే జట్టుని నడిపేవాడు, తినేసినట్టే.

తినేసి ఉండొచ్చు, కాకపోవచ్చు. మన దగ్గర చాలా పనులకి కొలతని బట్టి కూలి. జట్టంతా తవ్విన మట్టిని కొలిచి పంచుతారు, నేల గట్టిదైతే రేటు వేరే ఉండాలి. గట్టినేలని మెత్తనేలగా రాస్తే మీ కూలి పడిపోతుంది, మేట్‌ని తిట్టి లాభం లేదు. పొడవు, వెడల్పు, లోతు ఎంత రాశారో, నేల రకం ఏం రాశారో ఎం-బుక్ చూపించమని అడిగి, టేపు తీసుకుని మళ్లీ కొలవండి.

అపోహ: హాజరు యాప్‌లో ఫోటోలు తీస్తున్నారు కాబట్టి దొంగ మస్టర్లు పోయాయి.

2023 జనవరి నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప, మిగతా అన్ని పనులకీ రోజుకి రెండుసార్లు ఫోటో తప్పనిసరి చేశారు. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకి రాసింది, పనికి సంబంధం లేని ఫోటోలు పెడుతున్నారు, ఫోటోకే ఫోటో తీసి ఎక్కిస్తున్నారు అని. మరోపక్క సిగ్నల్ లేని గుట్టమీద నిజంగా పనిచేసినవాళ్లకి హాజరు పడక కూలి పోతోంది. అందుకే ఊరికి చెప్పేది ఒకటే, మీ హాజరు మీరు కూడా ఒక పుస్తకంలో రాసుకోండి.

అపోహ: సోషల్ ఆడిట్ (సామాజిక తనిఖీ) అంటే పెద్ద సార్లు వచ్చి చేసుకునే తనిఖీ.

ఇది విన్నప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం తనిఖీ చేసేది గ్రామసభ, అంటే మీరు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వాళ్లు 1994 నుంచి ఊళ్లలో బహిరంగ విచారణలు పెట్టి బిల్లులు, మస్టర్లు జనం ముందు గట్టిగా చదివారు, సమాచార హక్కు చట్టం కోసం జరిగిన పోరాటం అక్కడే వేళ్లూనుకుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో వాళ్ల సాయంతోనే సామాజిక తనిఖీ మొదలైంది, 2009లో దానికంటూ వేరే సంస్థ ఏర్పడింది. దేశమంతా మన దగ్గరికొచ్చి నేర్చుకున్నారు.

నేను చేసిన తొలి తనిఖీల్లో ఒకటి నాకింకా కళ్లముందే ఉంది. వేపచెట్టు కింద టార్పాలిన్ పరిచి కూర్చున్నాం, నేను మస్టర్ చదువుతున్నాను. పేరు, ఎన్ని రోజులు, ఎంత కూలి. ఒక పేరు దగ్గర వెనక వరసలోంచి ఒకావిడ లేచి "ఆ పేరు మళ్లీ చదువమ్మా" అంది. చదివాను. "వాడు నా కొడుకు. దుబాయ్ పోయి రెండేళ్లయింది" అని అక్కడే నిలబడిపోయింది. ఎవరూ మాట్లాడలేదు కాసేపు. తర్వాత ఇంకొకరు లేచారు, తర్వాత ఇంకొకరు. ఆ మస్టర్ ఆఫీసు బీరువాలో ఉన్నన్నాళ్లూ అన్ని సంతకాలతో సక్రమంగానే ఉంది. తల్లి చెవిన పడేదాకా అందులో తప్పు ఎవరికీ కనపడలేదు. కాబట్టి తనిఖీ బృందం వచ్చినప్పుడు పొలం పనులున్నాయని ఉండిపోకండి, తనిఖీలో తేలినవి అందరి ముందు విచారించే మండల ప్రజావేదికకి మీ ఊరినుంచి కనీసం ఐదారుగురు వెళ్లండి. రాసుకున్న తప్పులు తీసేయడం, రికవరీలు తగ్గించడం జరిగేది ఊరివాళ్లు లేనప్పుడే.

అపోహ: ఆర్టీఐ (సమాచార హక్కు) అర్జీ వేస్తే ఉన్న పింఛను కూడా తీసేస్తారు.

ఈ భయాన్ని నేను కొట్టిపారేయను, ఊళ్లో ఎవరు ఎవరిమీద ఆధారపడి బతుకుతారో నాకు తెలుసు. అందుకే అర్జీ పింఛను తీసుకునే ముసలివాళ్ల పేరుతోనే వేయక్కర్లేదు, దేశంలో ఏ పౌరుడైనా వేయొచ్చు, ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పక్కర్లేదు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. పేదరిక రేఖకి దిగువ ఉంటే అసలే లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు.

పింఛను ఆగిపోయినప్పుడు "ఎందుకు తీసేశారు" అని వాదన పెట్టుకోకుండా, సమాచార హక్కు చట్టం 4(1)(డి) కింద ఆ నిర్ణయానికి కారణాలు రాతపూర్వకంగా ఇవ్వమని బాధితులే అడగొచ్చు. చనిపోయారని రాశారా, వలస పోయారని రాశారా, భూమి ఎక్కువుందని రాశారా, ఏ అధికారి విచారణ చేశారు, ఏ తేదీన ఇంటికొచ్చారు. ఆంధ్రలో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000, తెలంగాణలో 2019లో 2,016 చేశారు. ఇందులో కేంద్రం వాటా ఎనభై ఏళ్ల లోపువాళ్లకి నెలకి 200 మాత్రమే, అదీ కొందరికే. కాబట్టి పింఛను విషయంలో నిలదీయాల్సింది ప్రధానంగా రాష్ట్రాన్ని.

ఇంకోటి, 2023 నాటి డేటా రక్షణ చట్టం ఆర్టీఐలో వ్యక్తిగత సమాచారం గురించి చెప్పే 8(1)(జె)ని మార్చింది. లబ్ధిదారుల జాబితా అడిగితే "వ్యక్తిగత సమాచారం" అని తిప్పి పంపే వీలు పెరిగింది. 8(2) మాత్రం అలాగే ఉంది, ప్రజా ప్రయోజనం ఎక్కువుంటే ఇవ్వొచ్చని. అప్పీల్లో ఆ సెక్షన్ తప్పకుండా రాయండి.

అపోహ: కొత్త చట్టం వచ్చింది, పాత బకాయిలు పోయినట్టే.

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ స్థానంలో వీబీ-జీ రామ్ జీ అనే కొత్త గ్రామీణ ఉపాధి చట్టాన్ని ఆమోదించింది. ఏడాదికి 125 రోజుల పని అని చదివి చాలామంది సంతోషపడ్డారు, నాకు మాత్రం దిగులుగానే ఉంది. ఇంతకుముందు కూలి మొత్తం కేంద్రానిదే, కొత్తదాంట్లో మనలాంటి రాష్ట్రాలు 40 శాతం పెట్టుకోవాలి. అంటే "పైనుంచి రాలేదు" అన్నప్పుడు ఇకమీద ఏ పైనుంచి అని కూడా అడగాలి.

పాత చట్టం కింద చేసిన పనికి కూలి మాత్రం బాకీయే. ఒక చట్టం రద్దయినంత మాత్రాన దాని కింద అప్పటికే వచ్చిన హక్కులు పోవని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 6వ సెక్షన్ చెప్తుంది. పాత వెబ్‌సైట్ ఇప్పుడున్నట్టే ఎప్పటికీ ఉంటుందని అనుకోకండి. మీ జాబ్ కార్డు పేజీ, మస్టర్ నంబర్లు, ఎఫ్‌టీఓ నంబర్లు ఈ వారమే ప్రింటు తీయించి దాచుకోండి.

పెద్దమ్మ మూటలో ఇప్పుడు ఒక నోటుబుక్కు కూడా ఉంది. మనవరాలు రాస్తుంది, మస్టర్ నంబరు, మూసిన తేదీ, డబ్బు పడిన తేదీ. మొన్న చూశాను, మూడో గడి ఖాళీగా ఉన్న వరసలు ఇంకా నాలుగున్నాయి. సోమవారం ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరం మండలాఫీసుకి వెళ్తున్నాం.