వంశధార పడవ బాట: భూమి పోతుందన్న భయం, అసలు వాస్తవం

గుణుపురం నుంచి కాశీనగర్, బత్తిలి, హిరమండలం మీదుగా కళింగపట్నం వరకు వంశధారలో తెడ్డు పడవల బాటకు అనువైన రేవులను గుర్తించి, గుర్తుగా కర్రలు పాతే పనిలో నేను ఉన్నాను. ఒడ్డున ఏ ఊరికి వెళ్లినా కుశల ప్రశ్నలు ముగియకముందే ఎవరో ఒకరు, "ఈ కర్ర పాతినాక మా చేను పోతాదేటి బాబూ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఒక్కొక్కరికీ విడిగా చెప్పే జవాబునే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నదీ బాట వస్తే గట్టు పొడవునా భూసేకరణ జరుగుతుంది.

వాస్తవం: రోడ్డుకు నేల కావాలి, పడవ బాటకు నదే దారి. సామాను వేసుకున్న కయాక్ (ఒకరిద్దరు కూర్చునే సన్నని తెడ్డు పడవ) నిదానమైన నీటిలో గంటకు నాలుగైదు కిలోమీటర్లు సాగుతుంది కనుక, రోజుకు సుమారు ఇరవై కిలోమీటర్ల చొప్పున లెక్క వేసి, అంత దూరానికి ఒక రాత్రి బసను, నడుమ ఒకటి రెండు దిగే చోట్లను చూసుకుంటాం. దిగే చోటు కొత్తగా కట్టేది కాదు. ఊరివారు బట్టలు ఉతికే, పశువులను కడిగే పాత రేవే. అక్కడ ఒక బోర్డు, మంచినీరు, కాస్త దూరంగా ఒక మరుగుదొడ్డి ఉంటే చాలు. బసకు ఎవరిదైనా పట్టా భూమి కావలసి వస్తే, పంట కోసిన తరువాత ఖాళీగా ఉండే వారాలకు మాత్రమే, యజమాని రాతపూర్వక అంగీకారంతో, అద్దె ఇచ్చి వాడుకుంటాం. హక్కు ఆయన పేరు మీద నుంచి కదలదు.

ఈ భయం ఊరికే పుట్టలేదని నాకు తెలుసు. హిరమండలం జలాశయం కోసం ఊళ్లకు ఊళ్లే లేచిపోవడం ఇక్కడివారు కళ్లారా చూశారు. వంశధార జలవివాదాల ట్రిబ్యునల్ 2017 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పులో ఇదే నది మీద తలపెట్టిన నేరడి బ్యారేజీ కోసం ఒడిశా వైపు 106 ఎకరాల సేకరణ మాట ఉంది. ఆ ఎకరాలు ఆ బ్యారేజీవి, పడవ బాటవి కావు. అయినా ఒక ఊరిలో నూట ఆరు, పక్క ఊరిలో వెయ్యి అంటూ అవే ఎకరాలను మా లెక్కలో కలిపి చెప్పేవారున్నారు. తెలియక భయపడే రైతు మీద నాకు ఏ కోపమూ లేదు. తెలిసి కూడా ఆ మాటను ఊరూరా మోసేవారిని మాత్రం సహించలేను.

ఎందుకంటే ఈ వదంతి వల్ల నష్టపోయిన కుటుంబాన్ని నేను స్వయంగా చూశాను. గుణుపురం దిగువన ఒక ఊరిలో, ఊరివారికి ముందుగా చెప్పకుండానే రేవు పక్కన ఎర్ర రంగు కర్రలు పాతి వచ్చాం. అది మా తప్పు. ఆ వారంలోనే ఒక దళారి, "ప్రభుత్వం తీసుకుంటే పైసా రాదు, ఇప్పుడే అమ్ముకోండి" అని ఒక తెలుగు రైతును నమ్మించి, వంగ, మిరప పండే అర ఎకరం గట్టు భూమిని చాలా తక్కువ ధరకు రాయించుకున్నాడు. ఆ ఊరు ఉన్న ఒడిశాలోని రాయగడ జిల్లా అంతా షెడ్యూల్డు ప్రాంతమే కనుక, పక్కనే ఉన్న సవర గిరిజన కుటుంబాల భూమిని గిరిజనేతరులకు బదిలీ కాకుండా 1956 నాటి ఒడిశా నిబంధన కాపాడుతోంది. గిరిజనేతరుడైన మా రైతుకు ఆ రక్షణ లేదు. నేను తిరిగి వెళ్లేసరికి రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనకుండా మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాడు. ఆ రోజు నేను ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. అప్పటి నుంచి గ్రామసభలో తెలుగు, ఒడియా, సవర భాషల్లో చెప్పి, తీర్మానం చేతికి వచ్చాకే కర్ర పాతుతున్నాం.

భూమి నిజంగా సేకరించాలంటే 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 11 ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ గెజిట్‌లోను, రెండు దినపత్రికల్లోను, పంచాయతీ కార్యాలయంలోను ప్రకటించాలి. షెడ్యూల్డు ప్రాంతంలో గ్రామసభ ముందస్తు సమ్మతి కూడా ఉండాలి. ఎవరైనా "భూమి పోతోంది" అని చెబితే ఆ నోటిఫికేషన్ చూపమని అడగండి. చూపలేనివాడి మాట విని సంతకం చేయకండి, బయానా తీసుకోకండి.

తక్కిన అపోహల గురించి క్లుప్తంగా చెబుతాను. ఏడాది పొడవునా పడవ నడుస్తుందన్నది నిజం కాదు: వేసవికి ఇసుక మేటలు, మడుగులే మిగులుతాయి, వరద కాలంలో దిగనే కూడదు. వానలు తగ్గిన తరువాతి నెలలే అనువైనవి; 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానును మరువకుండా, అప్పుడు కూడా తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం ఆపుకోవాలి. ఆకాశం నిర్మలంగా ఉంటే నది కూడా నెమ్మదిగానే ఉంటుందనుకోకూడదు. ఎగువన కలహండి, రాయగడ కొండల్లో కురిసిన వాన ఇక్కడ ఎండ కాస్తుండగానే వచ్చి చేరుతుంది. ఈత వచ్చినవారికి లైఫ్ జాకెట్ అక్కర్లేదన్న మాటను నా పడవల్లో అంగీకరించను.

చిన్న ఆనకట్టను పడవతోనే దూకి దాటవచ్చనుకోవడం ప్రాణం తీసే పొరపాటు. కట్ట కింద నీరు వెనక్కి తిరుగుతూ పడవనూ మనిషినీ గోడవైపే లాగుతుంది. గజ ఈతగాడైనా అందులో నుంచి బయటపడటం కష్టం. హిరమండలం వద్ద ఉన్న గొట్టా బ్యారేజీ దగ్గర చాలా ముందే ఒడ్డుకు చేరి, పడవను గట్టు మీదుగా మోసుకుని వెళ్లి దిగువన దించుకోవాలి. ఆ మోతకు ఎంత కూలి ఇవ్వాలో ఆ ఊరివారే నిర్ణయించాలి. వచ్చే గ్రామసభలో ఆ విషయాన్నే చర్చకు పెడుతున్నాం.