ఎనిమిది బైట్ల లెక్క

లైనక్స్ కెర్నెల్‌లో ప్యాకెట్ బఫర్ పరిమితి పెంచుదామన్న మాట వచ్చినప్పుడల్లా ‘మళ్లీ శాక్ పానిక్ కొనితెచ్చుకుంటామా?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. అవతలి నుంచే లైనక్స్ మెషీన్‌ను కూల్చగలిగిన, 2019లో బయటపడ్డ బగ్ అది. భయపడటంలో తప్పులేదు. నింద మాత్రం పడాల్సిన చోట కాక బఫర్ల మీద పడుతోంది.

ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1500 బైట్ల కథ అందరికీ తెలిసిందే: అంతకు మించిన డేటాను ముక్కలు కోసి పంపాలి. నెట్‌వర్క్ కార్డే ముక్కలు కోసే టీఎస్‌ఓ, కార్డుకు చేతకాకపోతే కెర్నెలే ఆఖర్లో కోసే జీఎస్‌ఓ (2006) కూడా పాతబడ్డాయి. కోత ఎంత ఆలస్యమైతే సీపీయూకి అంత తెరిపి. 64 కేబీ డేటా ఒకే ఎస్‌కేబీగా (కెర్నెల్ వాడే ప్యాకెట్ బఫర్) దిగితే నెట్‌వర్క్ స్టాక్ (ప్యాకెట్ దాటాల్సిన సాఫ్ట్‌వేర్ పొరలు) మొత్తం ఒక్కసారి తిరిగితే చాలు, ముందే కోస్తే నలభై పైచిలుకు సార్లు తిరగాలి.

అసలు మలుపు 2009 నాటి కెర్నెల్ వెర్షన్ 2.6.29. ‘ఈ ముక్కలు అందాయి’ అని అవతలి నుంచి శాక్ అనే రసీదు వస్తే, రీట్రాన్స్‌మిట్ క్యూలో (మళ్లీ పంపాల్సి వస్తుందేమోనని దాచుకునే వరుస) ఉన్న ఆ ముక్కల్ని కెర్నెల్ తిరిగి అతికించడం అప్పుడే మొదలైంది. ఎస్‌కేబీకి 17 ఫ్రాగ్‌లు (డేటా ఉండే మెమరీ తునకలు), ఎక్స్86 మీద ఒక్కోటి 32 కేబీ దాకా. మొత్తం 5,57,056 బైట్లు. అందులో ఎన్ని సెగ్మెంట్లున్నాయో (పంపే ముక్కలు) రాసుకునే ఫీల్డుకు మాత్రం 16 బిట్లే. 65,535 దాటితే మళ్లీ సున్నా.

మామూలు ఎంఎస్‌ఎస్‌తో (ఒక్కో సెగ్మెంట్ గరిష్ఠ పరిమాణం) ఆ అంకె దరిదాపులకు కూడా పోం. కానీ ఎంఎస్‌ఎస్ ఎంతో చెప్పేది అవతలివాడు! వాడు 48 బైట్లు అంటే, టీసీపీ హెడర్‌లోని ఆప్షన్లకు 40 పోగా డేటాకు మిగిలేది 8. ఇప్పుడు 5,57,056ను ఎనిమిదితో భాగించండి: 69,632. లెక్క పొర్లి, బగ్_ఆన్ (జరగకూడనిది జరిగితే కెర్నెల్‌ను ఆపేసే తనిఖీ) తగిలి, మెషీన్ అక్కడికక్కడే కూలుతుంది. నెట్‌ఫ్లిక్స్ ఇంజినీర్ జొనాథన్ లూనీ దీన్ని పట్టుకునేసరికి 2019 వచ్చింది.

సర్వర్లు నడిపేవాళ్లు ఆ వారం శాక్‌నే ఆపేశారు, లేదా చిన్న ఎంఎస్‌ఎస్ కనెక్షన్లను ఫైర్‌వాల్ దగ్గరే వదిలించుకున్నారు. పెద్ద బఫర్లంటే వాళ్లకు గిట్టకపోవడం అప్పటిదే. ప్యాచ్ మాత్రం బఫర్ల జోలికి పోలేదు. అతికించే ముందు లెక్క సరిచూసుకోమంది, అంతే. దాంతోపాటే కనీస ఎంఎస్‌ఎస్‌కు ఒక సిస్‌సీటీఎల్ (కెర్నెల్ సెట్టింగ్) వచ్చింది. పాత కనెక్షన్లు తెగుతాయేమోనని దాని డిఫాల్ట్‌ను మళ్లీ 48 దగ్గరే ఉంచారు. నా మట్టుకు ఇబ్బంది అదే.

2022లో కెర్నెల్ 5.19తో వచ్చిన బిగ్ టీసీపీ అనే సదుపాయం ఐపీవీ6లో ప్యాకెట్ బఫర్లకున్న 64 కేబీ గోడ దాటింది. అప్పుడు జీఎస్‌ఓకు పెట్టిన గరిష్ఠ హద్దు 5,24,280 బైట్లు. 512 కేబీకి సరిగ్గా 8 తక్కువ. 65,535ను ఎనిమిదితో హెచ్చవేస్తే వచ్చేది అదే: సెగ్మెంట్‌కు ఎనిమిది బైట్లే పడ్డా ఆ 16 బిట్ల లెక్క పొర్లదు.