నిద్ర తగ్గించుకుని బరువు తగ్గాలనుకునేవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

డైటీషియన్‌గా నా దగ్గరకు వచ్చేవారు ముందు తిండి లెక్కే చెబుతారు. అన్నం మానేశాం, చక్కెర మానేశాం, అయినా తగ్గడం లేదంటారు. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారని అడిగితే మాత్రం దానికీ దీనికీ సంబంధం ఏమిటన్నట్టు చూస్తారు. కొందరు గర్వంగానే చెబుతారు: "పడుకునేసరికి పన్నెండున్నర అవుతుంది మేడం, అయినా నాలుగున్నరకే లేచి నడకకు వెళ్తున్నాను." ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. అంత శ్రమా సగం వృథా అవుతోంది.

అపోహ: ఎక్కువ పడుకుంటే ఒళ్లు వస్తుంది. నిద్ర తగ్గించి వ్యాయామం చేస్తే త్వరగా సన్నబడతారు.

నేను చూసినంతలో మనుషులకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. అధిక బరువున్న 10 మందికి కేలరీలు తగ్గించిన ఆహారం ఇచ్చారు. ఒక విడతలో 14 రోజుల పాటు రాత్రికి ఎనిమిదిన్నర గంటలు పడుకోనిచ్చారు, మరో విడతలో ఐదున్నర గంటలే. రెండు విడతల్లోనూ బరువు దాదాపు ఒకేలా, 3 కిలోల వరకు తగ్గింది. అయితే నిద్రకు సమయం ఉన్నప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు. నిద్ర కోసినప్పుడు 0.6 కిలోలే. మిగిలిన బరువు కండ వంటి కొవ్వు కాని భాగాల నుంచి పోయింది. చిన్న అధ్యయనమే, కానీ తిండీ నిద్రా దగ్గరుండి కొలిచి చేసినది.

బరువు మిషన్‌కు ఈ తేడా తెలియదు. అంకె తగ్గిందని మీరు సంతోషిస్తారు, పోయింది కండ. తిన్న పిండిపదార్థం నుంచి వచ్చే గ్లూకోజులో పెద్ద వాటా తీసుకునేది కండే. అది కరిగిపోతే షుగర్ అదుపు తప్పడం తేలికవుతుంది, మోకాళ్లకు ఆసరా తగ్గుతుంది. డైట్ ఆపాక బరువు తిరిగి వచ్చేటప్పుడు కొవ్వు వచ్చినంత సులువుగా కండ రాదు.

ఆకలి సంగతి కూడా చూడండి. అదే విశ్వవిద్యాలయంలో 2004లో ఆరోగ్యంగా ఉన్న 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పది గంటలు పడుకోనిచ్చినప్పటితో పోలిస్తే కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ అనే హార్మోను 18 శాతం తగ్గింది, ఆకలి రేపే గ్రెలిన్ అనే హార్మోను 28 శాతం పెరిగింది. తీపి, ఉప్పు, పిండి వంటకాల మీద కోరిక మరీ పెరిగింది. కాబట్టి సాయంత్రం ఐదింటికి మీ చేయి మిక్చర్ డబ్బా వైపు వెళ్తోందని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ముందు రాత్రి నిద్ర లెక్క చూసుకోండి. రోజుకు ఆరున్నర గంటలలోపే పడుకునే 80 మందితో జరిపిన మరో అధ్యయనం 2022లో వచ్చింది. తిండి గురించి ఒక్క మాటా చెప్పకుండా నిద్రను మాత్రం సగటున గంటా పది నిమిషాలకు పైగా పెంచితే, వారు తినేది రోజుకు 270 కేలరీల వరకు తగ్గింది.

ఒక స్కూలు టీచరమ్మ గుర్తొస్తున్నారు. ఇంటర్ చదివే కొడుకు పుస్తకం మూసేవరకు తోడు కూర్చునేవారు, తెల్లారకముందే లేచి నడకకు వెళ్లి వచ్చి క్యారేజీలు సర్దేవారు. "ఇంకేం మానేయమంటారు మేడం?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తెల్లవారుజాము నడక మానేయమన్నాను. ఆవిడ నమ్మలేదు. ఆ నడకను సాయంత్రానికి మార్చాం. రాత్రి భోజనం ఎనిమిదిలోపు, ఫోను పడకగదికి బయట, నిద్ర ఏడు గంటలు. కోడిగుడ్డు, పప్పు, పెరుగు కొంచెం పెంచాం. మొదటి నెల బరువులో పెద్ద మార్పు లేదు. "మిషన్‌లో తగ్గలేదు గానీ జాకెట్లు వదులయ్యాయి మేడం" అన్నారు. అందుకే నేను అందరికీ టేపు కొనుక్కోమంటాను. మన దేశంలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు నడుము కొలతకు హద్దు.

రాత్రి డ్యూటీ చేసే నర్సులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇది చదివి బెంగపడవద్దు. మీ ఉద్యోగం మార్చుకోమనడం లేదు. డ్యూటీకి వెళ్లేముందే కడుపునిండా తినండి, అర్ధరాత్రి దాటాక బిర్యానీ జోలికి వెళ్లకండి. పగలు పడుకునే గదికి మందపాటి కర్టెన్లు వేయించండి. ఆ ఏడు గంటలు మిమ్మల్ని లేపవద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పండి.

అపోహ: గురక పెడుతున్నారంటే గాఢనిద్ర.

కాదు. మా బంధువుల ఇళ్లలోనూ పెద్దాయన గురక గురించి నవ్వుతూ చెప్పుకునేవాళ్లమే తప్ప డాక్టరుకు చెప్పాలని ఎవరికీ తోచేది కాదు. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేస్తుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. రాత్రంతా పడుకున్నా పగలు కునుకుపాట్లు పడతారు, బీపీ పెరుగుతుంది. బరువు పెరిగితే ఆప్నియా ముదురుతుంది, ఆ అలసటకు ఒళ్లు కదలక బరువు మళ్లీ పెరుగుతుంది. పది గంటలు పడుకున్నా మత్తు వదలని వారిని సోమరులనకండి. గురక పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించండి. దిగులుగా ఉంటున్నారేమో అడగండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. అన్నం మానేసి నాలుగు చపాతీలు తింటే ఒరిగేదేమీ లేదు, బియ్యానికీ గోధుమ పిండికీ కేలరీలు దాదాపు సమానం. పళ్లెంలో ఏదైనా సరే తగ్గాలి, కూర, పప్పు పెరగాలి. తేనె, నిమ్మరసం నీళ్లు కొవ్వును కరిగించవు. చెమట పడితే పోయేది నీరు. పొట్ట వ్యాయామాలు కండను గట్టిపరుస్తాయి, పొట్ట మీది కొవ్వునే ఏరి తీయలేవు. వారానికి 150 నిమిషాల వేగపు నడకతో పాటు రెండు రోజులు కండకు పని చెప్పండి. జిమ్ లేకపోతే కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టండి.

షుగర్ ఉన్నవారికి ఒక్క మాట. ఎవరో వీడియోలో చెప్పారని రాత్రి భోజనం ఒక్కసారిగా మానేయకండి. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలో ఇన్సులినో తీసుకుంటూ ఖాళీ కడుపుతో పడుకుంటే నిద్రలోనే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడతో మెలకువ వస్తే వెంటనే గ్లూకోజు గానీ మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు గానీ తాగండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. మాత్రలు కూడా మీ అంతట మీరు ఆపవద్దు. తిండి తగ్గించే ముందే మీ డాక్టరుకు చెబితే మోతాదు సరిచేస్తారు.