కుందేలు కరుస్తోందా? ముందు దాన్ని ఎత్తుకోవడం ఆపండి

"డాక్టర్ గారూ, తెచ్చి వారమైంది, చెయ్యి పెడితే చాలు మీదికొస్తోంది, దీనికి బాగా పొగరు." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. వెంటనే ఇంకోటి వస్తుంది: "రోజూ బలవంతంగానైనా కాసేపు ఎత్తుకుంటే అదే అలవాటు పడుతుందట కదా?" ఎవరు చెప్పారంటే, ఎవరో చెప్పారంటారు. కొత్తగా తెచ్చుకున్న కుందేళ్లకి ఇంతకన్నా చెడ్డ సలహా నాకు తెలిసి ఇంకోటి లేదు.

కుందేలు వేటాడే జంతువు కాదు, వేటకి బలయ్యే జంతువు. కాళ్లు నేల వదిలాయంటే దానికి తెలిసిన అర్థం ఒక్కటే, ఏదో తనని పట్టుకుపోతోందని. అందుకే గింజుకుంటుంది, గోళ్లతో రక్కుతుంది, కుదరకపోతే కరుస్తుంది. అంతటితో పోతే పర్లేదు. వెనక కాళ్లలో బలం చాలా ఎక్కువ, ఎముకలు మాత్రం సున్నితం, సరిగా పట్టుకోకుండా ఎత్తినప్పుడు అది గట్టిగా తన్నుకుంటే దాని వెన్నెముకే విరిగిపోవచ్చు. అలాంటి ఎక్స్‌రే ఇంట్లోవాళ్లకి చూపించి చెప్పాల్సి రావడం నా పనిలో అన్నిటికన్నా కష్టం. వెల్లకిలా పడుకోబెడితే హాయిగా నిద్రపోతోందని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. అది నిద్ర కాదండీ, భయంతో బిగుసుకుపోవడం.

ఒకమ్మాయి చేతులకి మందపాటి గ్లవ్స్ వేసుకుని మరీ తెచ్చింది తన కుందేలుని, ఇంట్లో అందరూ దాన్ని వెనక్కి ఇచ్చేయమంటున్నారని కళ్లల్లో నీళ్లు. బోనులో చెయ్యి ఎలా పెడుతున్నావో చూపించమ్మా అన్నాను. తిన్నగా ముక్కు కిందికే పెట్టింది, కుక్కకి వాసన చూపించినట్టు. కుందేలు చెవులు వెనక్కి అంటుకుపోయాయి, గుర్రుమంటూ ఒక్క దూకు. దాని కళ్లు పక్కలకి ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది గానీ సరిగ్గా ముక్కు ముందు, గడ్డం కింద కనిపించదు. కనపడని చోట ఏదో కదిలితే, అదీ తన సొంత చోట్లో, అది ఊరుకుంటుందా? పక్క నుంచి కనపడేలా చెయ్యి తెచ్చి నుదుటి మీద పెట్టమన్నాను. తల నేలకి ఆనించి అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల గ్లవ్స్ తీసేసింది.

కాబట్టి చేయాల్సింది ఇదే. నేల మీద కూర్చోండి, ఫోన్ చూసుకోండి, పుస్తకం చదువుకోండి, అది వచ్చి మిమ్మల్ని వాసన చూసి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. రోజులు పట్టచ్చు, వారాలూ పట్టచ్చు. బోనులో ట్రే శుభ్రం చేయడం అది బయట తిరిగేటప్పుడు పెట్టుకోండి. తప్పక ఎత్తాల్సి వస్తే ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద వేసి ఒంటికి ఆనించుకోండి. చెవులు పట్టి మాత్రం ఎప్పుడూ ఎత్తకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ముక్కు మీద కొడితే బుద్ధొస్తుందనేది అబద్ధం, చెయ్యంటే భయం పెరుగుతుంది, అంతే. కొత్త ఇంట్లో అక్కడక్కడా పెంటికలు వేయడం ఇది నా చోటు అని చెప్పుకోవడం, లిట్టర్ బాక్స్ (అది మలమూత్రాలకి వెళ్లే ట్రే) మీదే ఎండుగడ్డి పెడితే చాలావరకు దారికొస్తుంది. వైర్లు కొరకడం పగతో కాదు, వైర్లు దాచి కొరకడానికి వేరే ఏదైనా ఇవ్వండి. 4 నుంచి 6 నెలల వయసులో ఉన్నట్టుండి మీదికి రావడం, ఉచ్చ చిమ్మడం మొదలైతే అది హార్మోన్ల పని. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలావాటికి తగ్గుతుంది, కాకపోతే మర్నాటికే కాదు, కొన్ని వారాలు ఆగాలి. ఆడవాటికి పెద్దయ్యాక గర్భసంచి క్యాన్సర్ ముప్పు కూడా తప్పుతుంది.

ఒక్కటి మాత్రం హడావిడిగా వదిలేయలేను. "కొత్త చోటు కదా, అలిగి తినట్లేదు" అని రెండు రోజులు చూస్తూ కూర్చుంటారు. కుందేలు పేగులు ఆగకుండా పనిచేయాలి. 12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు ఆగిపోయినా అది ఎమర్జెన్సీ. అప్పటిదాకా మచ్చికగా ఉన్నది హఠాత్తుగా కరుస్తున్నా అంతే, పళ్లలోనో చెవిలోనో ఎక్కడో నొప్పి ఉండి ఉండచ్చు. తెల్లారేదాకా ఆగకుండా కుందేళ్లు చూడటం వచ్చిన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.