జావాస్క్రిప్ట్ డాక్యుమెంటేషన్ ఎవరి పూచీ?

2020 ఆగస్టులో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా ఒక్కసారిగా దాదాపు 250 మందిని ఉద్యోగాల్లోంచి తీసేసింది. వాళ్లలో ఎండీఎన్‌లో, అంటే వెబ్ భాషలు ఎలా వాడాలో వివరించే మొజిల్లా డాక్యుమెంటేషన్ సైట్‌లో, పనిచేసే రైటర్లు కూడా ఉన్నారు. వెబ్ డెవలపర్లకి టెన్షన్ మొదలైంది. జావాస్క్రిప్ట్‌లో ఒక మెథడ్ ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఏ దేశంలో ఉన్నవాళ్లయినా తెరిచేది ఎండీఎన్ పేజీనే మరి. అయితే అదే సమయంలో ఆ భాష స్పెసిఫికేషన్ పని, అంటే భాష ఎలా నడవాలో చెప్పే నియమాల పుస్తకం (స్పెక్) రాసే పని మాత్రం ఆగలేదు. ఒకే భాషకి సంబంధించిన ఈ రెండు పనుల దారులు ఎక్కడ విడిపోయాయో తెలియాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి.

1995 మేలో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో ఈ భాష తొలి రూపం తయారుచేశాడు. మరుసటి ఏడాది ఆగస్టుకల్లా మైక్రోసాఫ్ట్ దాని నడక చూసి, జేస్క్రిప్ట్ పేరుతో తన బ్రౌజర్‌లో పెట్టేసింది. రెండు బ్రౌజర్లలో ఒకే కోడ్ రెండు రకాలుగా నడిస్తే ఇద్దరికీ నష్టమే. 1996 నవంబర్‌లో ఎక్మా అనే ప్రమాణాల సంస్థ కింద టీసీ39 కమిటీ కూర్చుంది. 1997 జూన్‌లో స్పెక్ మొదటి ఎడిషన్ వచ్చింది. వంద పేజీల పైచిలుకు పుస్తకం అది. 2015 నాటి ఆరో ఎడిషన్‌కి ఐదొందల పేజీలు దాటింది. నాలుగో ఎడిషన్ అసలు రానేలేదు. కంపెనీలు రెండు వర్గాలై ఏళ్ల తరబడి కొట్టుకుని, 2008లో దాన్ని వదిలేశాయి. అంతగా కొట్టుకున్నవాళ్లు కూడా కమిటీని మాత్రం వదల్లేదు. పోటీదారుడు ఒక్కడే కూర్చుని రూల్స్ రాసుకుంటాడన్న భయం కన్నా గట్టి కాపలా ఏముంటుంది?

స్పెక్ ఉంటే చాలదా, డాక్యుమెంటేషన్ వేరే ఎందుకు అంటారా? జాబితాని వరుసలో పేర్చే సార్ట్ మెథడ్ సంగతి చూడండి. క్లాసులో పిల్లల జాబితాని ముందు పేరు ప్రకారం, తర్వాత మార్కుల ప్రకారం సార్ట్ చేశారనుకోండి. సమాన మార్కులు వచ్చినవాళ్లు పేర్ల వరుసలోనే ఉంటారా? ఉండాలనే నియమం లేదని స్పెక్ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. క్రోమ్‌లో జావాస్క్రిప్ట్‌ని నడిపే వీ8 ఇంజిన్ పది ఐటమ్స్ వరకు ఇన్సర్షన్ సార్ట్ అనే పద్ధతి వాడేది కాబట్టి వరుస చెడేది కాదు. పది దాటితే క్విక్‌సార్ట్ అనే మరో పద్ధతికి మారేది, అప్పుడు చెడేది. ఐదారు పేర్లతో టెస్ట్ చేసినప్పుడు అంతా బాగానే ఉండేది. నిజమైన డేటా వచ్చాక, పదకొండో పేరు చేరగానే జాబితా కలగాపులగం. 2018లో క్రోమ్ 70తో వీ8 తన పద్ధతి మార్చుకుంది, 2019 ఎడిషన్‌లో స్పెక్ కూడా వరుస చెడకూడదని రాసేసింది. ఈలోగా ఏ బ్రౌజర్ ఏ వెర్షన్‌లో ఏం చేస్తుందో స్పెక్‌లో వెతికితే దొరకదు, అది దాని పని కాదు. ఇంజిన్ రాసేవాళ్లకి స్పెక్, ఆ ఇంజిన్ మీద బతికేవాళ్లకి డాక్స్.

డాక్స్ కథ మొదటి నుంచీ అనాథ కథే. నెట్‌స్కేప్‌కి డెవ్‌ఎడ్జ్ అనే మంచి రిఫరెన్స్ ఉండేది. నెట్‌స్కేప్‌ని కొన్న ఏఓఎల్ 2004లో దాన్ని మూసేసింది. 2005లో మొజిల్లా ఏఓఎల్ దగ్గర అనుమతి తీసుకుని, ఆ పాత పేజీలని ఎవరైనా దిద్దగలిగే వికీలో పెట్టి మళ్లీ నిలబెట్టింది. అదే నేటి ఎండీఎన్. 2017 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్, గూగుల్, సామ్‌సంగ్, వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దాని సలహా మండలిలో చేరి అండగా వచ్చాయి. మైక్రోసాఫ్ట్ తన సొంత డాక్స్‌లోని 7,700కి పైగా పేజీలని ఎండీఎన్ వైపు మళ్లించింది. నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉండే సమాచారం ఒక్కచోటికి రావడం డెవలపర్లకి మేలే. కానీ ఆ మండలిలో ఎన్ని పేర్లున్నా, రైటర్ల జీతాల భారం ఎక్కువగా ఒక్క మొజిల్లా మీదే పడింది. ఆ చేయి బిగుసుకున్న రోజున ఏమవుతుందో 2020లో తెలిసొచ్చింది.

ఆ డిసెంబర్‌లో ఎండీఎన్ కంటెంట్ మొత్తం, కోడ్‌ని అందరూ కలిసి దిద్దుకునే సైట్ గిట్‌హబ్‌కి వెళ్లింది. ఎవరైనా తప్పు దిద్ది పంపవచ్చు. పంపేవాళ్లు దొరుకుతారు, వచ్చినదాన్ని స్పెక్‌తో పోల్చి చూసి ఒప్పుకునేవాళ్లే కావాలి. అందుకోసం 2021 జనవరిలో గూగుల్, మైక్రోసాఫ్ట్, ఇగాలియా, కాయిల్ అనే కంపెనీల డబ్బుతో ఓపెన్ వెబ్ డాక్స్ అనే సంస్థ పుట్టి, కొందరు రైటర్లని జీతానికి పెట్టుకుంది. అనువాదాల్లో మాత్రం బాగా చూసుకునే మనుషులున్న కొన్ని భాషలే మిగిలాయి. ఫ్రెంచ్, జపనీస్, కొరియన్ లాంటివి ఉన్న ఆ జాబితాలో తెలుగే కాదు, ఏ భారతీయ భాషా లేదు.

2022లో మొజిల్లా ఎండీఎన్ ప్లస్ పేరుతో నెలవారీ చందా పెట్టింది. 2023లో పేజీల్లోని కోడ్‌ని ఏఐ వివరించే బటన్ పెట్టింది. అది తప్పులు చెబుతోందని డెవలపర్లు గోల చేస్తే కొద్ది రోజుల్లోనే తీసేసింది.

టీసీ39లో ఒక కొత్త ఫీచర్ చివరి మెట్టయిన స్టేజ్ 4 ఎక్కాలంటే రెండు ఇంజిన్లలో అమలై ఉండాలి, స్పెక్ ప్రకారం నడుస్తోందో లేదో చూసే టెస్ట్262 పరీక్షలు పాసవ్వాలి, స్పెక్ వాక్యాలకి ఎడిటర్ల ఆమోదం ఉండాలి. ఆ షరతుల్లో డాక్యుమెంటేషన్ లేదు. ఫీచర్ ఖాయమైనా, దాని పేజీ రాయించే పూచీ కమిటీది కాదు.